నూరువరహాల పొదలకు ఆకులు పండుబారి రాలిపోతున్నాయి, కారణం తెలుపగలరు

మూలాపేట_ముంగిలి
నెల్లూరు మూలాపేటలో మేము ఇల్లు కట్టుకొని నాలుగేళ్లయింది. గృహప్రవేశమైన వారంలోనే మా అమ్మ ప్రహరీ లోపలి వైపున వరుసగా పద్నాలుగు నూరువరహాల మొక్కలను తన చేతులతో నాటింది. ఆమె పోయి ఏడాది దాటింది. మొన్నటి వరకు ఆ వరుస గుబురుగా పెరిగి, శుక్రవారం పూట వీధిలోని వాళ్లు పూజకు పూలు అడిగి కోసుకునేంతగా పూసేది. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఆకులు పసుపురంగుకు తిరిగి, కొమ్మను చేత్తో తాకితే చాలు రాలిపోతున్నాయి. ఉదయం ఊడిస్తే చేటెడు ఆకులు వస్తున్నాయి.

నీళ్లు చాలడం లేదేమోనని పూటకొక బిందె చొప్పున పెంచాను. అమ్మ చేసినట్లే పొయ్యి బూడిద చల్లాను, కోడిగుడ్ల పెంకులు దంచి వేశాను, ఎవరో చెబితే మొక్కకొక పిడికెడు యూరియా కూడా వేశాను. ఏమీ మారలేదు, పైగా పరిస్థితి ఇంకా దిగజారినట్లు కనిపిస్తున్నది. ఏడాది పొడవునా పచ్చగా ఉండవలసిన మొక్క ఇలా ఎందుకవుతున్నదో, ఇప్పుడు ఏమి చేయాలో తెలిసినవారు చెప్పండి. ఈ వరుసను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఒంగోలు_నల్లరేగడి
ముందుగా ఆ బిందెలు ఆపండి. ఆకు పండుబారగానే అందరమూ చేసే మొదటి పొరపాటు నీళ్లు పెంచడమే. మా ఇంటి నేల నల్లరేగడి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానకు పెరట్లో నీరు నాలుగు రోజులు నిలిచింది. పదేళ్ల వయసున్న గంధరాజం పొద సంక్రాంతి నాటికి అడుగు నుంచి పసుపెక్కింది. ఎండ తగిలి వడలిందనుకొని మరిన్ని నీళ్లు పోశాను. శివరాత్రికి మొక్క పోయింది. పీకి చూస్తే వేర్ల పైతోలు నల్లబడి, వేలితో లాగితే తొడుగులా ఊడి వచ్చింది. చూపుడువేలు రెండు కణుపుల లోతున మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు పోయకండి.

పొదలకూరు_నిమ్మతోట
ఒంగోలు వారు చెప్పినది కావచ్చు, కాకపోనూ వచ్చు. ఒక్క మాట తెలియకుండా ఎవరు ఏ మందు చెప్పినా అది గుడ్డి వైద్యమే అవుతుంది. ముందుగా పసుపెక్కుతున్నది కొమ్మ చివరి లేత ఆకులా, అడుగునున్న ముదురు ఆకులా? నిమ్మతోటలో మేము మొదట చూసేది ఇదే. ఆకు మొత్తం ఒకే తీరుగా పసుపెక్కిందా, లేక ఈనెలు పచ్చగా నిలిచి మధ్యభాగం మాత్రమే పాలిపోయిందా అన్నది కూడా చూసి చెప్పండి. పద్నాలుగు మొక్కలూ ఒకేలా ఉన్నాయా అన్నది మూడో ప్రశ్న.

కావలి_మాస్టారు
ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించినవాడిగా ఒక విషయం ముందే చెప్పాలి. సతతహరితం అంటే ఆకు ఎప్పటికీ రాలదని అర్థం కాదు, మొక్క ఎప్పుడూ మోడుగా నిలవదని మాత్రమే అర్థం. ప్రతి ఆకుకూ ఒక ఆయుష్షు ఉంటుంది. పొదల్లో చాలా వాటికి అది ఒకటి నుంచి మూడేళ్లు. లేత చిగురు వచ్చే ముందు, మాఘ ఫాల్గుణాల్లో, లోపలి వైపున నీడలో ఉన్న ముసలి ఆకులు పండి రాలడం సహజం. వీధిలోని వేపచెట్టు ఉగాదికి ముందు ఆకు రాల్చి, ఉగాదికి పూతతో కొత్త చిగురు వేసుకోవడం మనం ఏటా చూస్తున్నదే. కాబట్టి రాలినదంతా రోగం కాదు. అయితే చేటెడు ఆకులు రోజూ రాలుతున్నాయంటే సహజమైన దానికి మించినది ఏదో ఉన్నది. నిమ్మతోట వారు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు రానివ్వండి.

మేడమీద_మందారం
ఇది పల్లాకు తెగులు కావచ్చు. మా ఊళ్లో మినుముకు వచ్చి చేలకు చేలు పసుపెక్కాయి. తెల్లదోమ ఉన్నదేమో చూడండి. ఉంటే వెంటనే మందు కొట్టకపోతే వరుసంతా పోతుంది.

మూలాపేట_ముంగిలి
ఈ ఉదయం గంటసేపు ఒక్కొక్క మొక్క దగ్గర కూర్చొని చూశాను. ఇంతకాలం వరుసను వరుసగానే చూశాను తప్ప మొక్కను మొక్కగా చూడలేదని అప్పుడు అర్థమైంది.

గేటు దగ్గర నుంచి మొదటి ఆరు మొక్కల్లో అడుగు ఆకులు ముదురు పచ్చగానే ఉన్నాయి. కొమ్మ చివరి నాలుగైదు జతల లేత ఆకులే పాలిపోయాయి. ఒక ఆకును కోసి వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూస్తే, నడిమి ఈనె, దాని నుంచి చీలిన సన్నని ఈనెలు పచ్చని దారంతో అల్లిన వలలా స్పష్టంగా ఉన్నాయి. ఆ వల కన్నుల మధ్యనున్న భాగం నిమ్మపండు రంగులో ఉన్నది. అన్నిటికంటే చివరి ఆకులైతే దాదాపు తెల్లగా, అంచులు మాడినట్లున్నాయి. ఈ ఆరింటిలో ఆకు రాలడం తక్కువ.

మధ్యలోని నాలుగు బాగానే ఉన్నాయి.

చివరి నాలుగు స్నానాల గది గోడ మలుపులో, బోరు కుళాయి పక్కన ఉన్నాయి. వీటికి అడుగు ఆకులు ఈనెలతో సహా మొత్తం పసుపెక్కి రాలుతున్నాయి. నేను ఊడుస్తున్న చేటెడు ఆకులూ దాదాపు ఈ నాలుగింటివే. అక్కడ మట్టి గుచ్చి చూస్తే మధ్యాహ్నం పన్నెండు గంటలకు కూడా చల్లగా, జిగటగా ఉన్నది. వాసన కూడా బాగాలేదు. తెల్లదోమ మాత్రం ఎక్కడా కనిపించలేదు.

పొదలకూరు_నిమ్మతోట
అమ్మా, మీరు చూసినది చాలా చక్కగా చూశారు. మీ వరుసలో ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. చివరి నాలుగింటికి ఒంగోలు వారు చెప్పినదే నిజం, వేరుకు ఊపిరి ఆడటం లేదు. మొదటి ఆరింటిది వేరు కథ, అది ఇనుము లోపం. నిమ్మలో మేము గుర్తుపట్టే తీరు ఇది. నత్రజని తగ్గితే ముదురు ఆకు మొత్తం పసుపెక్కుతుంది. మెగ్నీషియం తగ్గితే ముదురు ఆకులోనే తొడిమ వైపు తిరగేసిన గాలిపటం తోకలా ఒక పచ్చని ముక్కోణం మిగిలి, చుట్టూ పసుపెక్కుతుంది. జింకు తగ్గితే లేత ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడతాయి. ఇనుము తగ్గితే మీరు చెప్పిన పచ్చని వల కనిపిస్తుంది, అదీ లేత ఆకులోనే మొదలవుతుంది.

ఉదయగిరి_వేరుశనగ
అది చదవగానే మా చేను కళ్లముందు కనిపించింది. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలలో వేరుశనగ వేస్తే, చినుకు పడి నేల తడి ఆరకముందే లేత ఆకులు ఇలాగే పాలిపోతాయి. మేము లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తాము. ఆకు కోలుకుంటుంది. పొదలకూ అదే పనిచేయాలి.

కావలి_మాస్టారు
మందారం వారికి ఒక మాట. మినుములో, పెసరలో వచ్చే పల్లాకు తెగులు వైరస్ వల్ల వస్తుంది, దానిని తెల్లదోమ మోస్తుంది. అది ఆకును క్రమం లేని పసుపు, పచ్చ మచ్చలతో చిత్రంగా మారుస్తుంది. బెండకు వచ్చే అటువంటి తెగులులో ఈనెలే పసుపెక్కి, మధ్యభాగం పచ్చగా ఉంటుంది. ఇక్కడ చూసినది దానికి సరిగ్గా తలకిందులు. ఈనె పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే అనుమానించవలసినది పురుగును కాదు, వేరును, నేలను.

లేత ఆకులోనే ఎందుకు మొదలవుతుందని అడిగేవారి కోసం ఇది రాస్తున్నాను. నత్రజని, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. కొరత వచ్చినప్పుడు ముసలి ఆకు తన దగ్గరున్నది లేత ఆకుకు పంపి తాను పండుతుంది. ఇనుము అలా కదలదు. ముదురు ఆకులో ఎంత ఉన్నా అక్కడే ఉండిపోతుంది, చిగురు మాత్రం వేరు అందించే దాని మీదే ఆధారపడుతుంది. పత్రహరితం తయారు కావడానికి ఇనుము తప్పనిసరి. అది అందకపోతే ఆకుకు పచ్చదనం రాదు.

మేడమీద_మందారం
మాస్టారూ, అర్థమైంది. తొందరపడి మందు కొట్టమన్నాను, ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను.

సంతపేట_కరివేపాకు
ఇనుము లోపమైతే ఇంత చర్చ ఎందుకు? తుప్పు పట్టిన మేకులు పిడికెడు పాదులో పూడ్చండి. పులిచిన మజ్జిగ పోయండి. మా కరివేపాకు చెట్టుకు ఇంట్లో అందరికంటే ముందు మజ్జిగ అందుతుంది, అందుకే అది మేడ ఎత్తు పెరిగింది.

ఉదయగిరి_వేరుశనగ
మజ్జిగ సంగతి నేను కాదనను, పులుపు నేలకు కొంత మేలే చేస్తుంది. కానీ తుప్పు మేకుల వల్ల లాభం లేదు. తుప్పు నీళ్లలో కరగదు, కరగనిది వేరు తాగలేదు.

సంతపేట_కరివేపాకు
మా అమ్మమ్మ కాలం నుంచి వేస్తున్నాము, చెట్టు బాగానే ఉన్నది. మీ పుస్తకాల మాట మీది, మా చెట్టు మాట మాది.

కావలి_మాస్టారు
మీ చెట్టు బాగుండటానికి మేకులే కారణమని చెప్పలేము, ఎందుకంటే మేకులు లేని చెట్టును పక్కన పెట్టి ఎవరూ పోల్చలేదు. మన నేలల్లో ఇనుముకు నిజానికి కొరతే లేదు. నేల పి.హెచ్., అంటే పులుపు, క్షార గుణాల కొలత, 7.5 దాటితే ఆ ఇనుము కరగని రూపంలోకి మారి, కళ్లముందు అన్నం ఉన్నా తినలేనివాడి స్థితికి మొక్క వస్తుంది. అందువల్ల ఇంకా ఇనుము వేయడం కంటే, ఉన్న ఇనుము ఎందుకు అందడం లేదని అడగాలి.

నూరువరహాలు దక్షిణ భారతదేశానికీ శ్రీలంకకూ చెందిన మొక్క. పడమటి తీరంలోని ఎర్రని, పులుపు గుణమున్న నేలలో అది ఎరువే అక్కరలేకుండా పెరుగుతుంది. సున్నం ఉన్న చోట ముందుగా మొరపెట్టుకునే మొక్క కూడా ఇదే. మూలాపేట వారూ, మొదటి ఆరు మొక్కలు ప్రహరీకి ఎంత దూరంలో ఉన్నాయి? గోడ కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు ఎక్కడ వేశారు? మీరు వేసిన బూడిద క్షారం, గుడ్డు పెంకు మొత్తం సున్నపు పదార్థమే. రెండూ మంచి ఉద్దేశంతో వేసినవే అయినా ఈ మొక్కకు వ్యతిరేకంగా పనిచేశాయి. నా మాట తప్పు కావచ్చు, ఒకసారి తవ్వి చూడండి.

కనిగిరి_కుండీలు
నీటి సంగతి ఎవరూ అడగలేదు. మా కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పు రెండూ ఎక్కువే. నేను రెండేళ్లపాటు నీటిశుద్ధి యంత్రం బయటికి వదిలే నీటిని వృథా చేయకూడదని పట్టి, కుండీల్లోని నూరువరహాలకు, క్రోటన్లకు పోశాను. నీటిని పొదుపు చేస్తున్నానని సంతోషపడ్డాను. అన్నిటికీ ఆకుల అంచులు మాడి, తరువాత పసుపెక్కి రాలాయి. మా అబ్బాయి కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. యంత్రంలోకి నాలుగు లీటర్లు పోతే ఒక లీటరు మంచినీరు వస్తుంది, ఆ నాలుగు లీటర్లలోని ఉప్పంతా దాదాపుగా మిగిలిన మూడు లీటర్లలోనే ఉంటుంది. 800 టి.డి.ఎస్. (నీటిలో కరిగిన లవణాల కొలత) ఉన్న నీరు అలా వెయ్యి దాటుతుంది. కుండీలో అది రోజూ పేరుకుంటుంది. ఇప్పుడు ఆ నీటితో నేల కడుగుతున్నాము. మొక్కలకు ఏసీ నుంచి కారే నీరు, వాననీరు పడుతున్నాము.

ఒంగోలు_నల్లరేగడి
ఇది చాలా ఇళ్లలో జరుగుతున్నదే. బట్టలు ఉతికిన నీరు కూడా ఇటువంటిదే, సబ్బులోని క్షారం మొక్కకు పడదు. కుండీ అంచున తెల్లని పొర కనబడితే అది ఉప్పు పేరుకుంటున్నదనడానికి గుర్తు.

మైపాడు_ఉప్పుగాలి
మా ఇల్లు సముద్రానికి దగ్గర. తుపాను గాలి వీచిన వారానికి నందివర్ధనం, మందారం ఆకులు సముద్రం వైపు ఉన్నవి మాత్రమే గోధుమరంగుకు తిరిగి రాలాయి. అవతలి వైపు ఆకు ఒక్కటీ చెదరలేదు. గాలి తగ్గిన రోజునే మంచినీళ్లతో ఆకులు కడిగితే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. గన్నేరు మాత్రం ఎంత ఉప్పుగాలికైనా నిలిచింది. తీరంలో ఉన్నవారు కంచెకు దానినే నాటుకోవడం మంచిది, అయితే పిల్లలు, పశువులు ఉన్న ఇంట్లో అది విషపు మొక్క అని గుర్తుంచుకోవాలి.

మూలాపేట_ముంగిలి
ఆదివారం మా తమ్ముడు, నేను కలిసి తవ్వాము. మాస్టారు చెప్పినది అక్షరాలా నిజమైంది.

మూడో మొక్కకు గోడ వైపున జానెడు లోతు తవ్వగానే గడ్డపార టంగుమన్నది. మట్టిని చేత్తో తీస్తే మొదట బొప్పాయికాయంత సిమెంటు గడ్డ, దాని కింద ఇటుక ముక్కలు, ప్లాస్టరింగు చేసినప్పుడు రాలిన బూడిదరంగు పెళ్లలు, ఒక చోట సగం గట్టిపడిన సిమెంటు సంచి కూడా దొరికాయి. మొత్తం ఎనిమిది తట్టలు ఎత్తాము. కట్టడం పని పూర్తయిన రోజుల్లో పనివాళ్లు చెత్తను అక్కడే కప్పి, పైన ఒక జానెడు ఎర్రమట్టి పోసి చదును చేశారు. అమ్మ ఆ ఎర్రమట్టిని చూసి మొక్కలు నాటింది. వేర్లు పైమట్టిలో ఉన్నన్నాళ్లూ మొక్క నవ్వుతూ ఉన్నది, కిందికి దిగాక ఈ గతి పట్టింది.

తమ్ముడు వంటింట్లో నుంచి వెనిగర్ తెచ్చి ఆ మట్టి మీద నాలుగు చుక్కలు వేశాడు. సన్నని చప్పుడుతో బుడగలు పొంగాయి, మట్టిలో సున్నం ఉన్నదనడానికి అది గుర్తు. మధ్యనున్న, బాగున్న మొక్కల పాదులోని మట్టి మీద వేస్తే ఏమీ కాలేదు. ఆ తేడా చూసి ఇద్దరమూ కొంతసేపు మాట్లాడలేదు. ఆ మట్టి మీదనే నేను బూడిద, గుడ్డు పెంకులు పోశాను.

ఇప్పుడు ఏమి చేయాలి? ఆరు మొక్కలనూ పెకిలించి మట్టి మార్చాలా?

నర్సరీ_చేతులు
పెకిలించకండి. నాలుగేళ్ల పొదను ఎండలు ముదిరే ముందు కదిపితే సగం చస్తాయి. పదకొండేళ్లు నర్సరీ పని చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. ఈ ఏడాది గోడ వైపు మాత్రమే ఒక కాలువలా తవ్వి చెత్త తీసేయండి. వేర్లు తెగకుండా గడ్డపార వదిలి చేతి పారతో తీయాలి. ఆ కాలువను ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సగం సగం కలిపి నింపండి. మిగిలిన వైపు వానాకాలం పోయాక చేయవచ్చు.

తవ్వేటప్పుడు ఇంకొకటి కూడా చూడండి. కొన్న మొక్కలు సంచిలో బంకమట్టి ముద్దతో వస్తాయి. పెన్నా ఒడ్డు ఇసుకనేలలో దానిని అలాగే పాతితే, పోసిన నీరు ఇసుకలోకి జారిపోతుంది కానీ ముద్దలోకి ఇంకదు. పైన తడి కనిపిస్తుంది, లోపల వేరు ఎండిపోతుంది. ఆకు పసుపెక్కి రాలడానికి అదీ ఒక కారణమే. నాటే ముందు ముద్ద అంచులను కొద్దిగా విదిల్చి నాటాలి.

ఉదయగిరి_వేరుశనగ
మట్టి పని ఒకవైపు సాగుతుండగా ఆకుకు అన్నభేది పిచికారీ చేయండి, అది వెంటనే పనిచేస్తుంది. కొనేటప్పుడు లేతపచ్చని స్ఫటికాలుగా ఉన్నదే తీసుకోండి. గోధుమరంగు పొడి పట్టినదైతే పాతబడినదని అర్థం. ద్రావణం కలిపిన రోజే వాడాలి, తుప్పురంగుకు తిరిగితే పారబోయండి. సాయంత్రం ఎండ తగ్గాక కొట్టాలి. ముందుగా ఒక్క మొక్క మీద కొట్టి, మూడు రోజులు చూసి తక్కిన వాటికి కొట్టండి.

కనిగిరి_కుండీలు
గోడకు, గచ్చుకు తగలకుండా పాత గుడ్డ కప్పండి. అన్నభేది మరక పడితే పోదు. మా వరండాలో రెండేళ్లుగా ఉన్నది.

టంగుటూరు_పొగాకు
నేలకు జిప్సం వేస్తే సరిపోతుంది కదా? మా చౌడు చేనుకు వేశాము, మంచి ఫలితం కనిపించింది.

కావలి_మాస్టారు
చౌడు వేరు, సున్నపు నేల వేరు. మీ చేనులో సోడియం ఎక్కువై నేల బిగుసుకుపోయింది, జిప్సంలోని కాల్షియం ఆ సోడియంను తొలగించింది. ఇక్కడ కాల్షియం ఇప్పటికే ఎక్కువ, కాబట్టి జిప్సం వల్ల ప్రయోజనం ఉండదు. గంధకం పొడి వేయమని కొందరు చెబుతారు, అది పి.హెచ్. తగ్గించే మాట నిజమే. కానీ మట్టిలో సిమెంటు పెళ్లలు ఉన్నంతకాలం వేసిన గంధకమంతా ఆ సున్నంతో పోరాడటానికే ఖర్చవుతుంది. చెత్త తీయడమే అసలు వైద్యం.

నేలలో వేసే ఇనుము కావాలంటే అన్నభేది కంటే చీలేటెడ్ ఇనుము, అంటే కరిగే రూపంలోనే నిలిచేలా మరో పదార్థంతో బంధించిన ఇనుము, మేలు. అందులో కూడా రకాలున్నాయి. సాధారణంగా దొరికే ఇ.డి.టి.ఎ. రకం సున్నపు నేలలో త్వరగా విడిపోతుంది. ఇ.డి.డి.హెచ్.ఎ. రకం నిలుస్తుంది, ధర ఎక్కువ. సంచి మీద ఏ రకమో చదివి తీసుకోండి. వీలైతే ఒకసారి మట్టి పరీక్ష చేయించండి. 2015లో మొదలైన భూసార కార్డు పథకంలో పి.హెచ్., లవణాలతో పాటు ఇనుము, జింకు, బోరాన్ వంటివి కలిపి 12 అంశాలు చూస్తారు. చేనుకు చేసినట్లే జానెడు లోతున ‘వి’ ఆకారంలో తవ్వి, రెండు మూడు చోట్ల మట్టి కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో ఇస్తే సరిపోతుంది. బాగున్న మొక్కల మట్టి, బాగాలేని మొక్కల మట్టి విడివిడిగా ఇవ్వండి, రెండింటినీ పోల్చినప్పుడే విషయం తెలుస్తుంది.

సంతపేట_కరివేపాకు
మాస్టారి మాటతో మేకుల విషయంలో నేను తగ్గుతున్నాను. వెనిగర్ పరీక్ష మా పాదులో కూడా చేశాను, ఒక్క బుడగ కూడా రాలేదు. మా నేలే మంచిదన్నమాట. మజ్జిగ మాత్రం మానను.

మేడమీద_మందారం
ఇక్కడివారంతా చెప్పినట్లు నా మందారాన్ని మొక్కగా కూర్చొని చూశాను. ఆకు పైభాగంలో సన్నని పసుపు చుక్కలు, వెనుక బూజులాంటి సాలెగూడు ఉన్నాయి. తెల్లకాగితం కింద పట్టి కొమ్మ తడితే ఎర్రని చుక్కలు పడి నడిచాయి. ఇది ఏమిటి?

పొదలకూరు_నిమ్మతోట
ఎర్రనల్లి. ఎండ, పొడిగాలి ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. రెండు మూడు రోజులు వరుసగా ఆకు వెనుక భాగాన్ని పైపు నీటితో గట్టిగా కడగండి, మేడ మీద కుండీలకు చాలాసార్లు అదే సరిపోతుంది. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం కొట్టండి. వేపనూనె కొట్టిన వెంటనే గంధకం కొట్టవద్దు, ఆకు మాడుతుంది.

మూలాపేట_ముంగిలి
నాలుగు వారాల తరువాత రాస్తున్నాను.

గోడ వైపు కాలువ తవ్వి మరో పదకొండు తట్టల చెత్త తీశాము. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాము. అన్నభేది, నిమ్మ ఉప్పు రెండుసార్లు పిచికారీ చేశాను. మొదటిసారి కొట్టిన అయిదో రోజున పాలిపోయిన ఆకుల మీద పచ్చని చుక్కలు కనిపించాయి. ద్రావణం చినుకు ఎక్కడ పడిందో సరిగ్గా అక్కడే, అంతే మేర పచ్చబడింది. ఆకు నిండా ఆవగింజలు చల్లినట్లున్నది. రెండోసారి ఆకు రెండు వైపులా తడిసేటట్లు కొట్టాను, చుక్కలు కలిసిపోయాయి. దాదాపు తెల్లబడిన చివరి ఆకులు మాత్రం కోలుకోలేదు, వాటిని తుంచేశాను. వాటి పక్క కణుపుల్లో ఇప్పుడు వస్తున్న చిగురు లేత రాగిరంగులో, ఆరోగ్యంగా ఉన్నది.

కుళాయి పక్కనున్న నాలుగింటిలో రెండు పోయాయి. పీకినప్పుడు ఒంగోలు వారు చెప్పినట్లే వేరు తొడుగు చేతికి ఊడివచ్చింది. అమ్మ నాటిన వాటిని నా చేత్తో పీకవలసి రావడం బాధగా అనిపించింది. కుళాయి నీరు అటు పారకుండా ఇటుకతో చిన్న గట్టు కట్టించి, ఒక పైపు పెట్టి వీధి కాలువలోకి మళ్లించాము. మిగిలిన రెండు మొక్కల్లో ఆకు రాలడం ఆగింది. అడుగున కొమ్మలు బోసిగా ఉన్నాయి, కానీ గోటితో గీరితే బెరడు కింద పచ్చదనం కనబడుతున్నది.

ఖాళీ అయిన రెండు చోట్ల మళ్లీ నూరువరహాలే నాటాలని ఉన్నది. మధ్యలోని బాగున్న మొక్కల నుంచి కొమ్మలు కత్తిరించి అంటు కట్టుకోవచ్చా? అలా చేస్తే అవి కూడా అమ్మ నాటిన మొక్కలే అవుతాయి.

నర్సరీ_చేతులు
అంటు అక్కరలేదు, కొమ్మ కత్తిరింపులే వేరు పోసుకుంటాయి. పెన్సిలు లావున్న, మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మను జానెడు పొడవున, కణుపు కింద కత్తిరించండి. పైన రెండు ఆకులు మాత్రం సగానికి కోసి ఉంచి, కిందివి తీసేయండి. ఇసుక, ఎర్రమట్టి కలిపిన సంచిలో గుచ్చి నీడన పెట్టి, తడి ఆరకుండా చూడండి. ఒకటిన్నర రెండు నెలల్లో వేరు వస్తుంది. అయితే ఈ ఎండల్లో చాలావరకు వాడిపోతాయి, తొలకరి పడ్డాక పెట్టండి. రెండు మొక్కలు కావాలంటే పది కొమ్మలు పెట్టండి.

ఒంగోలు_నల్లరేగడి
అప్పటివరకు రోహిణి కార్తె ఎండ నుంచి మిగిలిన వాటిని కాపాడుకోవాలి. పాదుల్లో రెండు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. నీరు ఉదయమే పోయండి, వేలు గుచ్చి చూశాకే పోయండి.

మూలాపేట_ముంగిలి
పొట్టు ఉదయగిరి నుంచి వచ్చే బండిలో రేపు తెప్పిస్తాను. బాగున్న మొక్కల్లో కొమ్మలు తీయడానికి అనువైన వాటికి ఇప్పుడే ఎర్రదారం కట్టి గుర్తు పెట్టాను, పన్నెండు ఉన్నాయి.